రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారుతో మిషిగన్ చలికాలం: రోజూ ఆఫీసుకి నడపొచ్చా, అమ్మేయాలా?

నోవి_నాని | నోవి, మిషిగన్ | అక్టోబర్ 19

అందరికీ నమస్కారం. ఆగస్టులో డాలస్ నుంచి నోవికి మారాను. నాతోపాటు నా 2022 టొయోటా జీఆర్86 కూడా వచ్చింది. మాన్యువల్, ప్రీమియం ట్రిమ్, 18 అంగుళాల చక్రాలు, వాటి మీద కంపెనీ వేసిచ్చిన పైలట్ స్పోర్ట్ 4 సమ్మర్ టైర్లు. ఆఫీసు డియర్‌బోర్న్‌లో. రానుపోను 50 మైళ్లు, ఎక్కువ భాగం ఐ-96 హైవే మీదే. (అవును, ఫోర్డ్ వాళ్ల ఊరు డియర్‌బోర్న్‌లో టొయోటా. ఆ జోకులు రోజూ వింటున్నాను.)

ఆఫీసులో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఇంకా అమ్మలేదా?" అని. నిజంగానే ఈ కారు మంచులో పనికిరాదా? లేక ఎవరూ ప్రయత్నించకుండానే చెప్తున్నారా? చలికాలంలో ఇలాంటి కారు రోజూ నడిపినవాళ్లు ఉంటే చెప్పండి. విన్నవి వద్దు, నడిపిన అనుభవం కావాలి. ఇంట్లో మా ఆవిడకి హోండా సీఆర్-వీ ఎస్‌యూవీ ఉంది, కానీ తను కూడా ఉద్యోగానికి వెళ్తుంది.

---

ఎస్‌యూవీ_సుబ్బారావు | ట్రాయ్, మిషిగన్ | అక్టోబర్ 19

నానీ, ఇక్కడ నాకు ఇది పదిహేడో చలికాలం. మాట వినవయ్యా. ఇప్పుడైతే మంచి రేటు వస్తుంది, జనవరిలో ఆ కారు ముఖం ఎవడూ చూడడు. అమ్మేసి ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) తీసుకో. వెనక చక్రాలతో తోసే బండి మంచులో తోక తిప్పుకుంటూ పోతుంది.

అంతగా మోజు ఉంటే డిక్కీలో రెండు సోనామసూరి బస్తాలు పడెయ్. వెనక బరువుంటుంది, ఇరుక్కుపోతే వండుకోవచ్చు కూడా.

---

మంచుపులి | ఆమ్హెర్స్ట్, న్యూయార్క్ | అక్టోబర్ 19

బఫెలో పక్కన ఆరు చలికాలాలుగా మియాటా నడుపుతున్నాను, మాజ్దా వాళ్ల చిన్న రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు. ఎన్‌డీ మోడల్, మాన్యువల్, గుడ్డ టాప్. ఇంట్లో ఇంకో కారు లేదు. ఇంకా బతికే ఉన్నాను.

నానీ, నీ కారులో మొదట చూడాల్సింది వెనక చక్రాలు కాదు, ఆ పైలట్ స్పోర్ట్ టైర్లు. సమ్మర్ టైరు రబ్బరు 45 ఫారెన్‌హీట్ దిగిందంటే గట్టిపడటం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో అది టైరు కాదు, ప్లాస్టిక్ బొమ్మ చక్రం. మంచు పడక్కర్లేదు, పొడి రోడ్డు మీదే జారుతుంది. బాగా చలిలో కదిపితే రబ్బరు పగులుతుందని తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. వాటితో నవంబర్ దాటావంటే సుబ్బారావు గారు చెప్పిందే నిజమవుతుంది. అప్పుడు కూడా తప్పు కారుది కాదు.

---

లక్ష్మి_మిన్నెసోటా | మినియాపోలిస్ | అక్టోబర్ 20

నేను మస్టాంగ్ నడుపుతాను, నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్, ఆటోమేటిక్. ఇది నాలుగో చలికాలం.

మొదటి ఏడాది ఒక టైర్ల షాపులో (పేరు అనవసరం) "ఆల్ సీజన్ చాలమ్మా, అన్ని సీజన్లూ అని దాని మీదే రాసుంది" అంటే నమ్మాను. డిసెంబర్‌లో మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేకు నొక్కాను. ఏబీఎస్ కాలి కింద గడగడలాడుతూనే ఉంది, కారు మాత్రం నింపాదిగా కూడలి మధ్యదాకా వెళ్లి ఆగింది. వేగం ఎంతంటే నడిచి వెళ్లేవాడు నన్ను దాటిపోయేవాడు. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. ఆ వారమే అసలైన వింటర్ టైర్లు వేయించుకున్నాను. అదే స్టాప్ సైన్, అలాంటిదే మంచు, గీతకి ముందే ఆగింది.

---

చాసిస్_చంటి | ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్ | అక్టోబర్ 20

వెహికల్ డైనమిక్స్ నా ఉద్యోగం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే బరువు వెనక్కి వాలుతుంది, వెనక టైర్లు రోడ్డుని బిగబట్టుకుంటాయి. స్పోర్ట్స్ కార్లని వెనక నుంచి తోయించడానికి అదొక పెద్ద కారణం. మంచు మీద ఆ లాభం దాదాపు మాయం. అసలు వేగమే పుంజుకోనప్పుడు బరువు ఎటు వాలుతుంది? జీఆర్86కి లెక్క వేస్తే, గట్టిపడిన మంచు మీద వెనక్కి జరిగేది మూడు నాలుగు శాతమే. నిలబడి ఉన్నప్పుడు వెనక ఉన్న 47 శాతం కాస్తా 50 అవుతుంది, అంతే. మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో 60 శాతం దాకా బరువు, లాగే చక్రాల మీదే కూర్చుని ఉంటుంది. కాబట్టి కదలడంలో అది గెలుస్తుంది. ఏడబ్ల్యూడీ ఇంకా గెలుస్తుంది. ఇందులో వాదనకి చోటు లేదు.

కానీ ఆగడం మాటేమిటి? ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. మలుపులో కారుని పట్టి ఉంచేదీ టైర్లే. ఆల్ సీజన్ టైర్ల ఏడబ్ల్యూడీ సిగ్నల్ దగ్గర నీకంటే ముందు కదులుతుంది, తరవాతి సిగ్నల్ దగ్గర నీకంటే ఆలస్యంగా ఆగుతుంది. మంచు పడిన రోజు ఐ-96 పక్క గుంటలో ఏ బండ్లున్నాయో చూస్తూ వెళ్లండి, ఎస్‌యూవీలు బోలెడు కనిపిస్తాయి.

ఇంకో సంగతి. నీ కారులో టోర్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది, అంటే ఒక వెనక చక్రం జారితే బలాన్ని రెండోదానికీ మళ్లించే గేర్ల అమరిక. మంచులో కదలడానికి మంచిదే. కానీ మామూలు డిఫరెన్షియల్‌లో ఒక వెనక చక్రం వట్టిగా తిరిగినా రెండోది కారు తోకని పట్టుకుని ఉంటుంది. నీ కారులో ఎక్కువ తొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి, రెండూ కలిసి పట్టు వదిలేస్తాయి, తోక పక్కకి వస్తుంది. కుడికాలు మెత్తగా ఉండాలి.

---

ఎస్‌యూవీ_సుబ్బారావు | ట్రాయ్, మిషిగన్ | అక్టోబర్ 20

చంటి గారూ, గుంటలో ఎస్‌యూవీలు ఎక్కువ కనిపించేది రోడ్డు మీద అవే ఎక్కువ ఉన్నాయి కాబట్టి. మీ స్పోర్ట్స్ కార్లన్నీ ఆ రోజు గరాజుల్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాయి.

---

చాసిస్_చంటి | ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్ | అక్టోబర్ 20

ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను, మంచి దెబ్బ.

---

గోదారి_గట్టు | రాజమండ్రి | అక్టోబర్ 21

మా దగ్గర చలికాలం అంటే తెల్లారి స్కూటర్ సీటు మీద మంచు తుడుచుకోవడమే. మీరంతా ఏదో యుద్ధానికి సామాను సర్దుతున్నట్టుంది. చదువుతున్నాను, ఆపకండి.

---

కిట్టు_మ్యూనిక్ | మ్యూనిక్, జర్మనీ | అక్టోబర్ 21

ఇక్కడ బీఎమ్‌డబ్ల్యూ 2 సిరీస్ కూపే, రియర్ వీల్ డ్రైవ్. మా వీధిలో సగం కార్లు వెనక చక్రాలవే, అయినా చలికాలం వస్తే ఎవరూ అమ్మకానికి పెట్టరు. అక్టోబర్ నుంచి ఈస్టర్ దాకా వింటర్ టైర్లు అనేది ఇక్కడ నానుడి. అది నానుడే గానీ చట్టంలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచో ఐసో ఉంటే తగిన టైర్లుండాలి, లేకపోతే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు.

కొనేటప్పుడు పక్కగోడ మీద గుర్తు చూడండి. మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు. ఇదివరకు ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని రాసి ఉన్నా సరిపోయేది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇక్కడ ఆ కొండ గుర్తు లేనిది వింటర్ టైరుగా లెక్కకి రాదు.

---

చాసిస్_చంటి | ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్ | అక్టోబర్ 21

కిట్టు గారి మాటకి చిన్న చేర్పు. ఆ కొండ గుర్తు ప్రధానంగా గట్టిపడిన మంచు మీద ముందుకి లాగే పట్టుకి ఇచ్చే గుర్తు. ఐస్ మీద ఆగడానికి అది హామీ కాదు. ఇప్పుడు ఏడాదంతా వాడే ఆల్ వెదర్ టైర్లకి కూడా ఆ గుర్తు వస్తోంది. నానీకి కావాల్సింది అసలైన వింటర్ టైరు. బ్లిజాక్, ఎక్స్-ఐస్, హక్కపెలిట్టా, వైకింగ్‌కాంటాక్ట్, వీటిలో ఏదైనా సరే, వీటి మధ్య తేడాల మీద రాత్రంతా వాదించుకోనక్కర్లేదు. చక్రాన్ని 17కి దించు. బేస్ ట్రిమ్ కొలత 215/45 ఆర్17 నీ కారుకి సరిగ్గా పడుతుంది. టైరు పక్కగోడ ఎత్తు పెరుగుతుంది, మన గుంటల రోడ్లకి రిమ్ము బతుకుతుంది. వెడల్పు మాత్రం పెంచకు. సన్నటి టైరు మంచుని కోసుకుంటూ వెళ్తుంది, వెడల్పుది పైకెక్కి తేలుతుంది.

వెనక చక్రాలకి రెండే వేయించుకుంటాను అని మాత్రం అనకు. కారు కదులుతుంది, కానీ తిరగదు, ఆగదు.

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | నవంబర్ 9

అమ్మట్లేదు. 17 అంగుళాల పాత రిమ్ములు ఒకాయన దగ్గర దొరికాయి, కొత్త బ్లిజాక్‌లు వేయించాను. బిగింపుతో కలిపి 1,100 డాలర్ల చిల్లర. మా ఆవిడ లెక్క వేరేలా ఉంది: "కారు కొన్నప్పుడు ఇది చెప్పలేదే." సమ్మర్ టైర్లు గరాజులో ఉన్నాయి, ఆ మేరకు అవి కూడా ఈ ఏడాది అరగవు కదా అని నచ్చజెప్పాను.

పొడి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త మెత్తబడింది. జొన్నరొట్టె తినేవాడికి రవ్వ ఇడ్లీ పెట్టినట్టుంది.

---

రస్ట్_రాంబాబు | మిస్సిసాగా, ఒంటారియో | నవంబర్ 10

టైర్ల గురించి పేజీలు రాశారు, ఉప్పు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మంచు నీ కారుని ఒక రోజు ఆపుతుంది. ఉప్పు పదేళ్లకి తినేస్తుంది.

నానీ, మీ డెట్రాయిట్ కింద దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది తెలుసా? నూరేళ్ల కిందటే తవ్వడం మొదలుపెట్టారు, చలికాలంలో రోడ్ల మీద చల్లే రాతి ఉప్పు అందులోంచే వస్తుంది. అంటే నీ కారుకి శత్రువు నీ కాళ్ల కిందే కాపురం ఉన్నాడు.

ఇప్పుడే, తొలి ఉప్పు పడకముందే, అడుగు భాగం అంతా నూనె రకం రక్షణ పూత వేయించు. లానోలిన్‌వి (గొర్రె ఉన్ని జిడ్డుతో చేసేవి) ఉన్నాయి, మా ఊళ్లో క్రౌన్ వాళ్లు కొట్టేదీ నూనె రకమే. ఏటా మళ్లీ వేయించాలి. నల్ల రబ్బరులా గట్టిపడే పూత వద్దు. దానికి ఒక్క పగులు వచ్చిందంటే లోపలికి ఉప్పునీరు దూరి అక్కడే కూర్చుంటుంది. పైకి నున్నగా ఉంటుంది, లోపల అప్పడంలా అవుతుంది.

ఇంకోటి. మా ఒంటారియోలో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు గానీ, వేయించుకుంటే ఇన్సూరెన్సు కంపెనీ తగ్గింపు ఇవ్వాలని 2016 నుంచి నిబంధన. పక్కనే క్యూబెక్‌లో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. మీ మిషిగన్‌లో ఆ నిబంధన లేదు, కాబట్టి నీ పక్క లేన్‌లో వచ్చేవాడి టైర్లు ఏవో దేవుడికే తెలియాలి.

---

మంచుపులి | ఆమ్హెర్స్ట్, న్యూయార్క్ | నవంబర్ 10

మొదటి మంచు పడగానే ఖాళీ పార్కింగ్ స్థలం ఏదైనా, అనుమతి ఉన్నది చూసుకుని, ఒక గంట ఆడుకో. సరదాకి కాదు. తోక పక్కకి వచ్చినప్పుడు నీ చేతులు ఏం చేస్తాయో ఐ-96 మీద కాకుండా అక్కడ తెలుసుకోవాలి. క్లచ్ నొక్కు, చూపు వెళ్లాల్సిన వైపు పెట్టు, స్టీరింగ్ దాని వెంటే వెళ్తుంది. స్తంభం వైపు చూశావా, స్తంభం దగ్గరికే వెళ్తావు.

మాన్యువల్ కాబట్టి ఇంకో మాట: ర్యాంపు దిగేటప్పుడు అలవాటుగా మూడు నుంచి రెండుకి దించి క్లచ్ గబుక్కున వదలకు. ఇంజిన్ వెనక చక్రాలని మాత్రమే పట్టి లాగుతుంది. అది హ్యాండ్‌బ్రేక్ లాగినట్టే.

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | డిసెంబర్ 12

మూడు అంగుళాలు పడింది. ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ల ఆఫీసు వాళ్లని అడిగి, వెనక ఉన్న ఖాళీ లాట్‌లో గంటసేపు తిప్పాను. మొదటి పది నిమిషాలు భయం, తరవాత మా ఆవిడ ఫోన్ చేసేదాకా ఆపలేదు. 15 మైళ్ల వేగంలోనే అన్నీ అర్థమవుతాయి. నేను ఊహించినదానికంటే ఎంతో నెమ్మదిగా జారుతుంది, సరిచేసుకోవడానికి టైం ఇస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే అసలు జారనివ్వడమే లేదు, పసుపు లైటు మిణుక్కుమంటూ ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది.

సోమవారం ఆఫీసుకి వెళ్లాను. బోరు కొట్టింది. అంతకంటే పొగడ్త ఏముంటుంది?

---

ఎస్‌యూవీ_సుబ్బారావు | ట్రాయ్, మిషిగన్ | డిసెంబర్ 12

మూడు అంగుళాలకే ఇంత సంబరమా? జనవరి రానీ.

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | జనవరి 15

సుబ్బారావు గారి నోట్లో చక్కెర పొయ్యాలో, మంచు కుక్కాలో తెలియట్లేదు.

రాత్రి ఎనిమిది తొమ్మిది అంగుళాలు పడింది. పొద్దున 6:40కి బయటికి వస్తే మొదటి సమస్య తలుపు. ఈ కారు అద్దాలకి చుట్టూ ఫ్రేము ఉండదు, హ్యాండిల్ లాగగానే అద్దం వేలెడంత కిందకి దిగాలి, అప్పుడే తలుపు వస్తుంది. అది రబ్బరుకి గడ్డకట్టి అతుక్కుపోయింది. లోపల మోటారు "టక్" అంటోంది, అద్దం కదలట్లేదు. బలవంతంగా లాగితే పగులుతుందేమోనని చేతి తొడుగు తీసి, అరచెయ్యి అద్దం అంచు మీద పెట్టి వెచ్చబరుస్తూ పక్కకి జరుగుతూ వచ్చాను. ఆరు నిమిషాలు. వేళ్లు నావి కావనిపించింది.

లోపలికి దూరి, స్టార్ట్ చేసి, కాస్త వెచ్చబెట్టి, రెండో గేరులో మెల్లగా కదిలాను. పార్కింగ్ గీతల మధ్య నుంచి బాగానే వచ్చింది. లాట్ బయటికి వెళ్లే చోట ప్లౌ బండి తోసిపోయిన మంచు గట్టు ఉంది, మోకాలికి కాస్త కింద దాకా. ముక్కు దూరింది, సగం కారు ఎక్కింది, ఆగిపోయింది. తొక్కితే వెనక చక్రాలు హాయిగా తిరుగుతున్నాయి, చప్పుడు కూడా లేదు. దిగి వంగి చూస్తే కారు పొట్ట మంచు మీద ఆనుకుని ఉంది, వెనక చక్రాలు మంచుని ఊరికే తడుముతున్నాయి. ఒడ్డున పడ్డ తాబేలు.

ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా ఆపి ముందుకీ వెనక్కీ ఊపి చూశాను, లాభం లేదు. పక్కింటి పెద్దాయన పార పట్టుకుని వచ్చాడు, ఏమీ అడగలేదు. ఇద్దరం పొట్ట కింద మంచు తవ్వడానికి పాతిక నిమిషాలు పట్టింది. తరవాత వెనక్కి తీసి, కారు అక్కడే పెట్టి, ఆ రోజు మా ఆవిడ సీఆర్-వీలో తనతోపాటే వెళ్లి దారిలో దిగాను.

---

చాసిస్_చంటి | ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్ | జనవరి 15

ఇది టైర్ల తప్పూ కాదు, వెనక చక్రాల తప్పూ కాదు. నేలకి కారుకి మధ్య ఐదు అంగుళాల చిల్లరే ఉంది. అంతకంటే లోతైన మంచులో ఏ టైరూ నిన్ను కాపాడదు. అక్కడ ఏడబ్ల్యూడీ కూడా కాదు, ఎత్తే పనిచేస్తుంది. సుబ్బారావు గారూ, ఈ రౌండు మీది.

---

లక్ష్మి_మిన్నెసోటా | మినియాపోలిస్ | జనవరి 15

నానీ, అద్దం సంగతి మస్టాంగ్‌లోనూ ఇంతే. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మొత్తం పొడిగా తుడిచి, సిలికాన్ స్ప్రే గుడ్డకి పట్టించి పూయి. నెలకోసారి చేస్తే చాలు, మళ్లీ అతుక్కోదు. కారు కడిగించుకున్న రోజు మాత్రం తప్పకుండా రబ్బరు తుడుచుకో, ఆ నీళ్లే రాత్రికి గడ్డకడతాయి.

ఇంకో ముఖ్యమైన మాట. కారు మంచులో కూరుకుపోయినప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని లోపల కూర్చోవద్దు, ముందు దిగి వెనక పొగ గొట్టం దగ్గర మంచు తీసెయ్యి. ఎత్తు తక్కువ కార్లలో అది తొందరగా మూసుకుపోతుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. ఏటా మనుషులు పోతున్నారు.

డిక్కీలో మడత పార, చక్రాల కింద చల్లడానికి పెంపుడు పిల్లుల మరుగుకి వాడే ఇసుక (తడిస్తే ముద్దకట్టని రకం) ఒక సంచి, దుప్పటి. నా దగ్గర ఇవి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా దిగవు.

---

మంచుపులి | ఆమ్హెర్స్ట్, న్యూయార్క్ | జనవరి 16

ఆరేళ్లలో నేను పని మానేసిన రోజులు లెక్కపెడితే ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. 2022 నవంబర్‌లో ఈరీ సరస్సు మీంచి వచ్చిన మంచు మా దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో దాదాపు 80 అంగుళాలు పడింది. మా వైపు అందులో కొంతే. ఒకే కౌంటీ, వేరే ప్రపంచం. ఆ రోజు అక్కడ ఏడబ్ల్యూడీ ఉన్నవాళ్లూ ఇంట్లోనే ఉన్నారు, ప్రయాణాలు ఆపేయమన్నారు కూడా.

కాబట్టి నీ ప్రశ్నకి అసలు జవాబు ఇది: మీ వీధిని ప్లౌ చేసేసరికి ఎన్ని గంటలవుతుంది, ఆ గంటలు ఆగడానికి మీ మేనేజర్ ఒప్పుకుంటాడా? నాకు ఇంటి నుంచి పని చేసే వీలుంది. ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లేవాళ్లకి నేను మియాటా కొనమని చెప్పను.

---

ఎస్‌యూవీ_సుబ్బారావు | ట్రాయ్, మిషిగన్ | జనవరి 16

నేను మొదటి నుంచి చెప్పేది ఇదే కదా. మా ఆవిడ నర్సు. ఆరింటికి డ్యూటీ, మంచు పడినా పిడుగు పడినా. అందుకే నాది ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీ. పంతం కాదు. ఇంకో సంగతి, నానీ, నీకు ఇంట్లో సీఆర్-వీ ఉంది కాబట్టి నడిచింది. దాన్ని రోజువారీ కారు అనకూడదు, వారానికి ఐదు రోజుల్లో నాలుగున్నర రోజుల కారు అనాలి.

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | జనవరి 16

నాలుగున్నర కాదు సార్, ఇప్పటిదాకా కారు ఆగిపోయింది ఒక్కటే రోజు. కానీ మాట నిజమే. ఆ ఒక్క రోజు సీఆర్-వీ లేకపోతే సెలవే.

---

గోదారి_గట్టు | రాజమండ్రి | జనవరి 17

సంక్రాంతికి మేము భోగిమంట చుట్టూ కూర్చుంటే మీరు కారు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి వెచ్చబరుస్తున్నారా. ఆ పక్కింటి పెద్దాయనకి అరిసెలు ఇచ్చావా లేదా?

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | జనవరి 17

ఇచ్చాను. మర్నాడు వచ్చి ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | మార్చి 28

చలికాలం అయిపోయినట్టే ఉంది (మిషిగన్‌లో ఈ మాట అనకూడదని తెలుసు). లెక్క చెప్తాను.

ఈ కారులో ఆఫీసుకి వెళ్లలేకపోయిన రోజులు: జనవరిలో ఆ ఒక్కటి, ఫిబ్రవరిలో వాన గడ్డకట్టిన రోజు ఒకటి. ఆ రెండో రోజు ఎవరూ వెళ్లలేదు, అది లెక్కలోకి రాదని నా వాదన. నిజంగా భయపడింది ఒక్కసారే. ఐ-96 నుంచి దిగే వంతెన మీద రోడ్డు తడిగా ఉందనుకున్నాను, అది బ్లాక్ ఐస్, కంటికి ఆనని పల్చటి ఐసు పొర. తోక ఒక చెయ్యి వెడల్పున పక్కకి జరిగింది, నేను ఏం చేశానో నాకే తెలియదు, చేతులు ముందే చేసేశాయి. ఆ ఆదివారం గంట ఆటకి మంచుపులి గారికి ఒక దండం.

టైర్లలో గాలి మాత్రం చాలాసార్లు చూసుకోవాల్సి వచ్చింది. ప్రతి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలకి దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది, డిసెంబర్‌లో నిండుగా పెట్టింది జనవరికి లైటు వేసింది. వారానికోసారి అడుగు భాగం కడిగించాను. రాంబాబు గారు చెప్పిన పూత వేయించాను, నెల రోజులు గరాజులో నూనె గానుగ వాసన.

సమ్మర్ టైర్లు వచ్చే నెల. తొందరేం లేదు.

---

రస్ట్_రాంబాబు | మిస్సిసాగా, ఒంటారియో | మార్చి 28

పూత కడిగేయకు. వేసవిలో కూడా పాకుతుంది, సందుల్లోకి వెళ్తుంది. అక్టోబర్‌లో మళ్లీ గుర్తుచేస్తాను.

---

ఎస్‌యూవీ_సుబ్బారావు | ట్రాయ్, మిషిగన్ | మార్చి 29

సరే, కారు నిలబెట్టుకున్నావు, అభినందనలు. ఇంతకీ సోనామసూరి వేశావా లేదా?

---

నోవి_నాని | నోవి, మిషిగన్ | మార్చి 29

నవంబర్‌లోనే ఒక 20 పౌండ్ల బస్తా పడేశాను సార్, మీ మీద గౌరవంతో. చంటి గారు చూస్తే, వెనక ఇరుసుకి అవతల బరువు పెడితే జారినప్పుడు లోలకంలా తోకని ఇంకా లాగుతుందని తిడతారని చెప్పలేదు. ఫిబ్రవరిలో ఇంట్లో బియ్యం అయిపోయాయి, బయట మంచు, మా ఆవిడ తాళాలు తీసుకుని వెళ్లి డిక్కీలోంచి బస్తా దింపుకొచ్చింది. ఆ రాత్రి పులిహోర.